ఏడో లైను

సంచిక కోసం "మీ విజయగాథ రాయండి" అని అడిగారు. విజయం సంగతేమో గానీ, మన కాలేజీ అనగానే నాకు గుర్తొచ్చేది ఒక తప్పు.

డిగ్రీ రెండో ఏడు, రియల్ అనాలిసిస్ క్లాసు. సున్నాకీ ఒకటికీ మధ్య, ఆ రెండు చివరలూ వదిలేసిన అంతరం మీద అవిచ్ఛిన్న ప్రమేయం, అంటే గీత ఎక్కడా తెగకుండా గీయగలిగే ఫంక్షన్, ఏదైనా సరే హద్దుల్లోనే ఉంటుందని బోర్డు మీద ప్రూఫ్ రాసేశాను. పదకొండు లైన్లు. కింద గీత కూడా కొట్టాను. మేడమ్ వెనక బెంచీ నుంచి లేచి వచ్చి, ఓ మూల "1/ఎక్స్" అని రాసి, చాక్‌పీసు నా చేతిలో పెట్టి వెళ్లి కూర్చున్నారు. ఎక్స్ సున్నాకు దగ్గరయ్యే కొద్దీ అది పెరుగుతూనే పోతుంది. ఇక హద్దెక్కడ? డస్టర్ అందుకోబోయాను.

"చెరపకు. ఏ లైన్లో జారిందో చూడు."

ఏడో లైన్లో. ఒక సీక్వెన్స్, అంటే సంఖ్యల వరుస, తీసుకుని, అది చేరువయ్యే లిమిట్ కూడా అంతరంలోనే ఉంటుందని అనేసుకున్నాను. ఆ లిమిట్ సున్నా అయితే? సున్నాను ముందే వదిలేశాం కదా! అది కనుక్కునేసరికి బెల్ కొట్టేశారు.

పిహెచ్‌డీ నాలుగో ఏట సెమినార్లో మాట్లాడుతుంటే ఒకాయన చెయ్యెత్తి, "ఆ స్పేస్ కంపాక్టేనా?" అన్నాడు. అంటే, లిమిట్లు బయటికి జారిపోని స్పేసేనా అని. కాదు. మళ్లీ అదే ఏడో లైను, కాస్త ఖరీదైన బట్టలు వేసుకుని వచ్చింది. సరిచేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. చివరికి ఒక షరతు అదనంగా పెట్టాక సిద్ధాంతం నిలబడింది. అనుకున్నంత గొప్పది కాదు, కానీ నిజం.

తర్వాత రెండు పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, ఒక్కోటి రెండేళ్లు. ఉద్యోగం నిలకడగా లేని ఆ ఏళ్లలోనే పాప పుట్టింది. ఈ వృత్తిలో ఆడవాళ్లకు అసలు చిక్కు లెక్కల్లో కాదు, క్యాలెండర్లో ఉందని నా నమ్మకం. గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్‌కు నలభై ఏళ్ల వయోపరిమితి ఉంది. 1936లో మొదలైన ఆ మెడల్ తొలిసారి ఒక మహిళకు, మరియం మీర్జాఖానీకి, అందింది 2014లో. మెడల్ నాలాంటివాళ్లకు ఎలాగూ రాదనుకోండి. కానీ ఉద్యోగాలకు కూడా "గత అయిదేళ్లలో ఎన్ని పేపర్లు?" అనే అడుగుతారు.

ఒక ఇంటర్వ్యూలో అయితే పేపర్ల కన్నా ముందు "మీవారు ఎక్కడ చేస్తారు?" అని అడిగారు. అమెరికన్ గణితవేత్త జూలియా రాబిన్సన్ గుర్తొచ్చింది. భర్త బర్క్‌లీలో గణిత ప్రొఫెసరు కాబట్టి, బంధువులకు ఉద్యోగం ఇవ్వకూడదన్న నిబంధనతో ఆమెను అదే విభాగంలోకి తీసుకోలేదు. హిల్బర్ట్ పదో సమస్య (సమీకరణానికి పూర్ణ సంఖ్యల్లో జవాబుందో లేదో తేల్చే పద్ధతి ఉందా అన్నది) 1970లో తేలడానికి ఆవిడ పనే పునాది. ప్రొఫెసర్ పదవి మాత్రం 1976లో ఇచ్చారు. నాకు పర్మనెంట్ ఉద్యోగం ముప్ఫై ఆరేళ్లకే వచ్చిందంటే అదృష్టమనే చెప్పాలి.

పోయినేడు మేడమ్‌ను చూడ్డానికి వెళ్లాను. మాటల్లో, తనూ పిహెచ్‌డీ మొదలుపెట్టి మూడో ఏట మానేశానని చెప్పారు. ఇన్నేళ్లలో మాకెవరికీ తెలియదు! అట్ట ఊడిపోయిన నోట్‌బుక్ ఒకటి తెచ్చి, "ఈ ప్రశ్న తేలిందా?" అన్నారు.

చదివి చూశాను. "తేలింది మేడమ్, చాలా కాలమైంది. ఇంకెవరో వేరే దారిలో వెళ్లారు."

ఆవిడేమీ నొచ్చుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని నోట్‌బుక్ నా వైపు తిప్పారు.

"మరి నేను ఏ లైన్లో ఆగిపోయానో చూపించు."

బోర్డు లేదు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిరగేసి రాయడం మొదలుపెట్టాను.