వెనక సీట్లో ఆవులింతలు

రాత్రి పదకొండయింది. ఉతికిన సీటు కవర్లు ఇంకా ఆరలేదు. పాప ఎప్పుడో నిద్రపోయింది. నాకే నిద్ర పట్టడం లేదు.

జలపాతానికి వెళ్దామని వారం నుంచీ అనుకుంటున్నాం. ఆరింటికి బయల్దేరితే తొమ్మిదికల్లా చేరిపోతాం, జనం పెరక్కముందే చూసి రావచ్చు. లెక్కలన్నీ నావే. తీరా కారెక్కేసరికి ఏడున్నర. ఆ గంటన్నరా దారిలో ఎలాగైనా రాబట్టాలని పట్టుబట్టాను.

పాప గోల చేయకుండా కూర్చుంటుందని ఫోన్ కూడా నేనే ఇచ్చాను. ఘాట్ రోడ్డు మొదలయ్యాక అద్దంలో చూస్తే ఆవులిస్తోంది. పెందలాడే లేపాం కదా, నిద్ర చాల్లేదనుకున్నాను. మళ్ళీ ఆవులింత. ఇంకోటి. కాసేపటికి "నాన్నా, కడుపులో తిప్పుతోంది" అంది. "ఇంకో అరగంటే బంగారం" అన్నాను. రెండోసారి అన్నప్పుడు వాళ్ళమ్మ ఆపమంది. ఆపడానికి చోటెక్కడుందని విసుక్కున్నాను. చోటుంది. రెండుచోట్ల ఆపకుండా దాటేశాను.

మూడోసారి చెప్పలేదు, వాంతి చేసుకుంది. కారాపి వెనక్కి తిరిగి "ముందే చెప్పొద్దూ!" అని అరిచాను. పెదాలు పాలిపోయి ఉన్నాయి, నుదుటి మీద చల్లటి చెమట. సీటు బెల్టును రెండు చేతులా పట్టుకుని "సారీ నాన్నా" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల. చెప్పింది కదా, రెండుసార్లు చెప్పింది కదా. ఆ "సారీ" ఇంకా చెవిలోనే ఉంది.

ఇంటికొచ్చాక చదివాను. లోపలి చెవి కదులుతున్నామంటుంది, ఫోన్ మీదున్న కళ్ళు కదలడం లేదంటాయి, ఆ రెండూ పొసగక మెదడు తికమకపడితే కడుపు తిప్పుతుందట. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. వాంతికి ముందు ఆవులింతలు, ముఖం పాలిపోవడం దీని గుర్తులే. మాత్ర వేయాలన్నా ముందు డాక్టర్ని అడిగి, బయల్దేరక ముందే వేయాలి. డ్రైవింగ్ చేసేవాళ్ళకి మాత్రం ఈ బాధ దాదాపు ఉండదు, మలుపు ఎటో ముందే తెలుసు కాబట్టి. నాకేమీ అనిపించలేదు, అందుకే దానికీ ఏమీ లేదనుకున్నాను.

కారాపిన చోటికి జలపాతం ఇంకా పన్నెండు కిలోమీటర్లుంది. మాతో వచ్చిన మా అమ్మ కారు దిగి, పాప మొహం కడిగి, తన కొంగుతోనే తుడిచింది. "వెనక్కి పోదాం రా, నీళ్ళెక్కడికీ పోవు" అంది. వెళ్దామని అందరికన్నా ఎక్కువ ఆశపడింది తనే.

తిరుగు దారిలో పాపని వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి బెల్టు పెట్టాం, ఎదురుగా దూరం దాకా రోడ్డు కనిపించేలా. ఫోన్ డ్యాష్‌బోర్డులో పడేశాను. "మలుపొస్తే ముందే చెప్పవా నాన్నా" అని అదే అడిగింది. చెప్పాను. ఎడమకి. ఇప్పుడు కుడికి. మళ్ళీ కుడికి, ఇది పెద్దది. ఇరవై కిలోమీటర్ల వేగంతో దిగుతున్నాం, వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి, కొట్టుకోనిచ్చాను.

సగం కొండ దిగాక ఒక మలుపు దగ్గర నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి వినిపించింది: "ఎడమకి నాన్నా. మెల్లగా."