కాల్షీటు వాద్యకారుడికి వకీలు ఎందుకు?

గత వేసవిలో హైదరాబాదులో ఒక సినిమా రీరికార్డింగు (నేపథ్య సంగీతం) కాల్షీటుకు, అంటే ఇన్ని గంటలకు ఇంత అని పిలిచే పనికి, వాయించి, హెడ్‌ఫోన్లు తీసి ఫ్లూట్లు సంచిలో సర్దుకుంటుండగా, వాద్యకారులను కుదిర్చే కో-ఆర్డినేటరు నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం తెచ్చి, “అకౌంట్స్ వాళ్ళకు కావాలట సార్, చివరి పేజీలో ఒక్క సంతకం” అన్నాడు. వోచరు మీద పెట్టినంత తేలికగా పెట్టేసి ఇంటికి వచ్చాను. కొన్ని నెలల తర్వాత టీవీలో ఒక నగల ప్రకటన వస్తుంటే, వంటింట్లో నుంచి మా ఆవిడ “ఇది మీ ఫ్లూటే కదూ?” అన్నది. నిజమే. మంద్రంలో రిషభం మీద నిలిచి గాంధారానికి జారే ఆ ముక్క నాదే. తెలిసిన వకీలు గారికి ఆ కాగితం చూపిస్తే మూడో పేజీ మీద వేలు పెట్టారు: ప్రపంచమంతటా, ఏ మాధ్యమంలోనైనా, శాశ్వతంగా, అదనపు ప్రతిఫలం లేకుండా వాడుకోవచ్చని.

మద్రాసు రోజుల్లో మాకు వకీలు అనే ఆలోచనే రాలేదు. సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ ముందుండి నిర్మించిన సినీ మ్యుజీషియన్స్ యూనియన్ ఉండేది. ఒకే హాల్లో అంతమంది వయొలిన్లు పట్టుకుని కూర్చున్నప్పుడు, ఒకరికి డబ్బు ఎగ్గొట్టడం ఎవరికీ అంత సులువు కాదు. ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళు మైకు పెట్టుకుని వాయించి ఫైలు పంపుతున్నారు. పక్క కుర్చీలో మనిషి లేడు కనుక కాగితం మీది మాటే మిగిలింది.

చట్టం మనల్ని మరచిపోయిందని అనుకోవడం పొరపాటు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో చేరింది. గాయకులు, వాద్యకారులు మొదలు పాములాడించేవారి దాకా అందరినీ ప్రదర్శకులుగా అది లెక్కించింది. ఈ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. 2012 సవరణ తెచ్చిన 38ఎ సెక్షన్ ప్రకారం, మన వాద్యాన్ని సినిమాలో చేర్చడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్న తర్వాత, వేరే ఒప్పందం లేకపోతే, ఆ సినిమాలో నిర్మాత వాడుకోవడాన్ని మనం అడ్డుకోలేము. అయినా వాణిజ్య వినియోగానికి రాయల్టీ పొందే అర్హత మాత్రం పోదు. అయితే అదే సవరణ ప్రదర్శకుడి నిర్వచనం చివర ఒక మెలిక పెట్టింది. సినిమాలో యాదృచ్ఛికంగానో అప్రధానంగానో పాల్గొని, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా పేరు పడనివారిని, తమ ప్రదర్శనను వికృతం చేయకుండా ఆపే హక్కు విషయంలో తప్ప, ప్రదర్శకులుగా పరిగణించనక్కరలేదట. పాట మొత్తాన్ని మోసిన ఫ్లూటును అప్రధానమని ఎవరైనా ఎలా అంటారో నాకు అర్థం కాదు గానీ, పేరు పడకపోతే ఆ వాదనకు తలుపు తెరిచినట్టే. టైటిల్స్‌లో పేరు మన మురిపెం కోసమని నేనూ చాలాకాలం అనుకున్నాను.

వకీలు గారు చెప్పిన మరో సంగతి నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. హక్కుల బదిలీకి సంతకంతో కూడిన రాత ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టమే భావిస్తుంది. కాపీరైట్‌కు పెట్టిన ఈ 19వ సెక్షన్‌నే 39ఎ సెక్షన్ ప్రదర్శకులకూ వర్తింపజేసింది. అంటే కాలం, ప్రాంతం రాయకుండా వదిలితే మనకే మేలు. ఆ నాలుగు పేజీలు ఎందుకు పుట్టాయో అప్పుడు తెలిసింది.

అలాగని ప్రతి కాల్షీటుకూ వకీలును వెంటబెట్టుకు వెళ్ళనక్కరలేదు. వెళ్తే రెండో కాల్షీటు రాదు. రేటు, తేదీ, ఏ సినిమాకో వాట్సాప్‌లో రాయించుకుని, డబ్బు బ్యాంకు ద్వారా తీసుకుంటే మామూలు పనికి చాలు. సంతకం కోసం కాగితం వచ్చినా, శాంపిల్ లైబ్రరీకో (విడి స్వరాలను రికార్డు చేసి, తర్వాత ఎవరైనా వాడుకునేలా దాచే భండారం) కృత్రిమ మేధ శిక్షణకో స్వరాలు అడిగినా, ఆ కాగితం చదివి చెప్పే వకీలు తప్పనిసరి. ఫీజు ఇచ్చుకోలేని మహిళలు, ఎస్సీ, ఎస్టీ కళాకారులు ఉచిత న్యాయ సహాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు.

ఒక్కడినే అడిగితే ఏమవుతుందో కూడా చూశాను. తర్వాతి కాగితాన్ని ఒక రోజు ముందు పంపమన్నాను. ఆ కాల్షీటు వేరొకరికి వెళ్ళింది. అందుకే ఇప్పుడు ఏడుగురం కలిసి తలా కొంత వేసుకుని ఒకే వకీలును పెట్టుకున్నాము. ఆ తర్వాత వచ్చిన మొదటి కాగితంలో ఆయన మూడు మార్పులు కోరారు. వాడకాన్ని ఆ సినిమాకే పరిమితం చేయడానికీ, ప్రకటనలకు వేరే డబ్బు ఇవ్వడానికీ కంపెనీ ఒప్పుకుంది. టైటిల్స్‌లో పేర్లు వేయడానికి మాత్రం ససేమిరా అంటోంది.