బాపు కౌలు పొలం లెక్క

కోతలయ్యాక మా పరకాల దిక్కు ఎవరు ఎదురుపడ్డా ఒకటే అడుగుతరు: "ఎకరానికెన్ని క్వింటాళ్లొచ్చినయ్?" బాపూ అట్లనే చూస్తడు. హన్మకొండలో ఒక దుకాణంలో లెక్కలు రాస్త కాబట్టి ఆయన చిట్టీలన్నీ నా దగ్గరికే వస్తయి. ఆ చిట్టీలు కూడి చూసినంక నాకు ఈ ప్రశ్న మీదనే కోపమొస్తది.

2024 వానాకాలంల కౌలు పొలం ఎకరానికి 25 క్వింటాళ్ల దొడ్డు వడ్లు పండినయ్. గ్రేడ్-ఎ మద్దతు ధర అప్పుడు క్వింటాలుకు 2,320, అంటే 58,000 రూపాయలు. దున్నకం, కరిగట్టుకు 6,000. నాటు గుత్తకు 5,500. ఎరువులు, మందులు 7,000. విత్తనం, కలుపు, కోత మిషన్, కిరాయి, హమాలీ అన్నీ కలిసి ఇంకో 8,000. మొత్తం 26,500. కౌలు 14,000. ఇంక మిగిలేది 17,500.

అదీ చేతికి రాలే. పట్టా లేనోళ్లకు బ్యాంకు పంట రుణం దొరకదు, పెట్టుబడంతా రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందే. ఐదు నెలలకు 2,650 వడ్డీకే పోయింది. మిల్లు దగ్గర 40 కిలోల బస్తాకు కిలో తరుగు తీసిన్రు. ఎకరం మీద 62 కిలోలు, ఐదు యూరియా బస్తాలు కొనేటంత డబ్బు. వడ్లు ఆరబోసి, తూర్పారబట్టి, తేమ 17 శాతం లోపు చూపించినంక కూడా! అమ్మ, బాపు ఇద్దరి రెక్కల కష్టానికి నేనింకా ధర కట్టనేలేదు.

దిగుబడి పెరగలేదా అంటే పెరిగింది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ నీళ్లున్నయి, 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటుంది, ఏడాదికి రెండు కార్లు, అంటే రెండు పంటలు, పండుతున్నయి. కానీ రెండు కార్లు పండే పొలానికి కౌలు కూడా ఎక్కువే అడుగుతరు. కారుకు ఎకరానికి 6,000 చొప్పున సర్కారిచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా, పట్టాదారు ఖాతాల పడుతది. బాపు రెండు క్వింటాళ్లు ఎక్కువ తీస్తే వచ్చే ఏడు కౌలు మాట్లాడేటప్పుడు ఆ రెండు క్వింటాళ్లే ముందుకొస్తయి. నాకు బాధయ్యేది ఇక్కడనే.

ఇంకో బస్తా యూరియా చల్లితే ఇంకొన్ని గింజలు వస్తయని బాపు ఆశ. యూరియా బస్తా 270 లోపే కాబట్టి చేయి ఆగదు. పైరు మరీ పచ్చగైతే సుడిదోమ పడుతది, పైరు నేలకొరుగుతది. అప్పుడు మందుకు, మిషన్‌కు అయ్యే ఖర్చు ఆ గింజల కన్నా ఎక్కువ.

అందుకే ఈ కారు సన్నాలు (సన్న గింజ వడ్లు) పెడదామని బాపుతోని అన్న. "సన్నాలు తక్కువ పండుతయి బిడ్డా, పురుగు గూడ ఎక్కువ" అన్నడు. కాగితం మీద వేసి చూపెట్టిన: 2024 మద్దతు ధరకు సర్కారు సన్నాలకిచ్చే 500 బోనస్ కలిస్తే క్వింటాలుకు 2,820. ఎకరానికి 25 క్వింటాళ్ల దొడ్డు వడ్లకొచ్చే పైసలు ఇరవై ఒక్క క్వింటాళ్ల లోపు సన్నాలకే వస్తయి. బోనస్ టైముకు పడాలె, అది వేరే సంగతి. సగం పొలంల పెడుతానని ఒప్పుకున్నడు.

కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇయ్యాలని 2011ల చేసిన చట్టమే ఉంది. ఆ కార్డుంటే వడ్డీ మీదనే ఎకరానికి రెండు వేల దాకా మిగులుతది. పట్టాదారు ఎక్కడ పొలం తనది కాకుండా పోతదోనని భయపడుతడు, బాపు ఎక్కడ కౌలు పోతదోనని అడగడు. వచ్చే యాసంగి కౌలు మాట్లాడే నాడు నేను గూడ పోత, పట్టాదారు పెదనాయన ముంగట ఇదే కాగితం పెడుత.