కంచె బయట ఒక మీటరు

ఈరోజు సబ్‌స్టేషన్‌లో ఎర్తింగ్ కొలతలు ముగించాం. భూమి నిరోధం అర ఓమ్ వచ్చింది. మంచి అంకె అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆ ఒక్క అంకెను నమ్మి సంతకం పెట్టడమంటే భయం. ఎక్కడైనా లోపం తలెత్తి 5,000 ఆంపియర్ల ఫాల్ట్ కరెంటు నేలలోకి దిగితే, అర ఓమ్ దగ్గర కూడా గ్రిడ్, అంటే నేలలో పాతిన ఎర్తింగ్ తీగల వల, మొత్తం 2,500 వోల్టులకు లేస్తుంది. ఆ క్షణంలో కంచె మీద చెయ్యి వేసిన మనిషి సంగతేమిటి?

అందుకే టచ్ వోల్టేజి, అంటే అలా తాకిన మనిషి చేతికీ పాదాలకూ మధ్య పడే వోల్టేజి, కూడా కొలుద్దామని పట్టుబట్టాను. గ్రిడ్‌లోకి పరీక్ష కరెంటు పంపి, కంచెకు ఒక మీటరు దూరంలో పాదాల స్థానంలో బరువు పెట్టిన లోహపు పలకలు, శరీరం స్థానంలో 1,000 ఓమ్‌ల రెసిస్టరు ఉంచాం. ఒక్కో చోటుకీ ఇదే తంతు. ఎండలో ఆ బరువులు మోయడం తేలిక కాదు.

లోపల కంకర పరిచిన చోటల్లా రీడింగులు నిశ్చింతగా ఉన్నాయి. కంకర పాదానికీ నేలకూ మధ్య అడ్డుగా నిలిచి, ఒంట్లోకి వెళ్ళే కరెంటును తగ్గిస్తుంది. గేటు దగ్గర మాత్రం లెక్క పరిమితి దాటింది. గేటు బయటికి తెరుచుకుంటుంది, అక్కడ నేల కింద ఎర్తింగ్ తీగ లేదు, పైన కంకరా లేదు. రెండోసారి కొలిచినా అదే.

తీగను గేటు తిరిగే మేర దాటించి వెయ్యాలని, కంకర బయటికి కూడా పరవాలని రాసి ఇచ్చాను. పని పూర్తయ్యాక మళ్ళీ నేనే వెళ్ళి కొలుస్తాను.