లాబ్రడార్ పిల్లను కొనే ముందు తల్లిదండ్రుల ఎక్స్‌రేలు అడగండి

పిల్లలున్న ఇంటికి లాబ్రడార్ చక్కని తోడే గాని, తుంటి కీలు సరిగ్గా అమరని హిప్ డిస్‌ప్లేసియా ఆ జాతిలో వంశపారంపర్యంగా వస్తుందని కొనేవారు ముందే తెలుసుకోవాలి. హుషారుగా గెంతే కుక్కలోనూ ఈ లోపం దాగి ఉండవచ్చు కనుక, జత కట్టించే ముందు రెండింటికీ తుంటి, మోచేతి ఎక్స్‌రేలు తీయించి తీరాలని నా గట్టి అభిప్రాయం; కుక్కల కీళ్ల ఎక్స్‌రేలను పరిశీలించే అమెరికాలోని ఓఎఫ్‌ఏ సంస్థ, కుక్కకు 24 నెలలు నిండాకే తుంటికి తుది ధ్రువీకరణ ఇస్తుంది. చూపును క్రమంగా హరించే పీఆర్‌సీడీ-పీఆర్‌ఏ జబ్బుకు జన్యుపరీక్ష ఉంది. లోపమున్న జన్యువును మోస్తూ ఆరోగ్యంగానే కనిపించే రెండు కుక్కలను జత కట్టిస్తే, పుట్టే ప్రతి పిల్లకూ ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. జతలో ఒకదానికి ఆ జన్యువు లేకపోతే పిల్లలకు ఆ జబ్బు రాదు. ఇంత సులువైన జాగ్రత్తను ఖర్చు పేరుతో దాటవేయడం నాకు బాధ కలిగిస్తుంది.

మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం బ్రీడర్, అంటే కుక్కలను జత కట్టించి పిల్లలను అమ్మేవారు, రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి; ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలను అమ్మకూడదు. నమోదు పత్రం, పరీక్షల నివేదికలు అడిగి చూడండి. తల్లి కుక్కను చూపించడానికి వెనుకాడే చోట, పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా కొనవద్దు.