మూడు కాళ్ల ఛాలెంజర్

ఆదివారం. తెల్లారి నుంచీ ముసురు. పర్లాకిమిడిలో ఇలాంటి రోజున బట్టలే ఆరవు, ఇక రంగేం ఆరుతుంది? గాలిలో తడి ఉండగా స్ప్రే కొడితే లక్కర్ మీద విభూతి రాసినట్టు తెల్ల పొర కడుతుంది. నిరుడు శ్రావణంలో ఒక బానెట్టు అలాగే పాడుచేసుకున్నాను. అందుకే ఇవాళ రంగు డబ్బా ముట్టుకోకుండా ఇంజిన్ పని పెట్టుకున్నాను.

బండి అంటే ముక్కలు అతికించి కట్టే ప్లాస్టిక్ బొమ్మ కారు. 1970 నాటి అమెరికన్ కారు డాడ్జ్ ఛాలెంజర్, అసలు దానిలో ఇరవై అయిదో వంతు సైజు. నిజం కారులో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 110 అంగుళాలు. నా బల్ల మీద 4.4. ముక్కలన్నీ ప్లాస్టిక్ పుల్లలకు అతుక్కుని వస్తాయి, దాన్ని స్ప్రూ అంటారు. మా అమ్మాయి మాత్రం దువ్వెన అంటుంది. గిడుగు వారు వాడుక భాష కోసం పోట్లాడిన ఊళ్లో ఉంటూ స్ప్రూ అనడం ఎందుకులే అని నేనూ దువ్వెనే అంటున్నాను.

ఇంజిన్ 426 హెమీ. 426 ఘనపుటంగుళాలంటే సుమారు ఏడు లీటర్లు. మా మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, అంటే ఇదొక్కటీ దగ్గర దగ్గర తొమ్మిది మారుతీలు. కంపెనీ చెప్పిన లెక్క 425 హార్స్ పవర్. సిలిండర్ పైకప్పు అర్ధగోళంలా, ఇంగ్లీషులో హెమిస్ఫియర్‌లా, ఉంటుంది కాబట్టి ఆ పేరు. వాల్వులు చెరో పక్కకీ వాలి ఉంటే, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు నడినెత్తిన కూర్చుంటుంది. అందువల్ల ప్లగ్గు వైర్లు వాల్వ్ కవర్ మధ్యలోంచే లోపలికి దిగుతాయి. బానెట్టు ఎత్తగానే కంటికి ఆనేది ఆ వైర్లే. కిట్‌లో అవి ఇవ్వరు. అవి లేని హెమీ మీసం దిద్దని రాజుగారి బొమ్మలా ఉంటుంది.

అప్పటి ప్లగ్గు వైరు 7 మిల్లీమీటర్ల లావు. 25తో భాగిస్తే 0.28. మోటార్లు వైండింగ్ చేసే కొట్టుకెళ్లి 32 గేజి రాగి తీగ అడిగాను. "ఎన్ని కేజీలు?" అన్నాడు. మూరెడు చాలన్నాను. నవ్వి ఊరికే ఇచ్చేశాడు.

ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మిరియం గింజంత ఉంది. దానికి తొమ్మిది బెజ్జాలు వెయ్యాలి, ఎనిమిది ప్లగ్గులకి, ఒకటి కాయిల్‌కి. రెండు డ్రిల్లు బిట్లు విరిగాయి. మూడోది విరగలేదు, నా ఊపిరి బిగబట్టిన పుణ్యం కావచ్చు. వైర్లు వరసగా కలిపితే కుదరదు. అప్పట్లో డాడ్జ్ సొంతదారైన క్రైస్లర్ వాళ్ల ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2, పైగా డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అమ్మాయి పక్కన కూచుని ఎక్కాల్లా చదువుతుంటే నేను ఒక్కో తీగా దూర్చి, సూది మొనతో చుక్క జిగురు పెట్టాను. మధ్యలో దానికి మూరీ, ఘుగుని (మరమరాలు, బఠాణీ కూర) గుర్తొచ్చి లేచి వెళ్లిపోయింది. ఆ గ్యాప్‌లోనే 5, 7 తారుమారు చేశాను. మళ్లీ పీకి పెట్టేసరికి ఒంటిగంట.

అసలు టెన్షన్ ఆ తర్వాత. ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, చక్రాలు తగిలించి అద్దం పలక మీద పెట్టి చూశాను. మూడు చక్రాలే ఆనాయి. నాలుగోది, ముందు కుడిది, రూపాయి బిళ్ల దూరేంత పైకి లేచి ఉంది. ఛాసిస్ మెలి తిరిగింది. కొన్నప్పటి నుంచీ అలాగే ఉందో, మా అటక మీద బరువుల కింద పడి అలా అయిందో. వేలితో నొక్కితే ఆనుతుంది, వదిలితే లేస్తుంది. ఇంజిన్ మీద అంత కష్టపడి బండి కుంటిదైతే ఏం బాగుంటుంది?

వాన కాస్త తెరిపి ఇచ్చాక ఎదురింటి మావయ్య వచ్చాడు. కొమ్ము పని చేస్తాడు. మా ఊరి కొమ్ము కొంగలూ దువ్వెనలూ చూసే ఉంటారు. అద్దం మీద బండిని ఒకసారి కదిపి చూశాడు.

"ఏటి బావూ, కుంటుతోందేటి?"

"మెలిక పడింది మావయ్యా. నొక్కితే విరిగిపోద్దేమోనని భయం."

"సల్లగున్నప్పుడు నొక్కితే ఇరగదా మరి? కొమ్మైనా అంతే. ఏడి సూపించి వంచాల. వంచీసి వదిలీకూడదు, సల్లారిందాకా పట్టుకునుండాల."

ప్లాస్టిక్‌కి మంట పనికిరాదు, కరిగి ముద్దవుతుంది. వేడినీళ్లే మంచివి. చక్రాలు తీసేశాను. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు బాగా పొగలొచ్చేదాకా కాచి, దించి, ఛాసిస్ ముంచి ఇరవై లెక్కపెట్టాం. మావయ్య తీసి రెండు చివర్లూ పట్టుకుని, మెలికకి ఎదురు, అవసరమైనదానికంటే పిసరంత ఎక్కువే తిప్పాడు. "ఎనక్కి కొంత వచ్చీస్తాది, అందుకే" అన్నాడు. అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టాడు. మొదటిసారి చాలలేదు. రెండోసారికి చక్రాలు తగిలించి అద్దం మీద పెడితే నాలుగూ ఆనాయి. చక్రం కింద కాగితం దూర్చి చూశాను, దూరలేదు.

మావయ్య టీ తాగుతూ ఇంజిన్ కేసి చూశాడు. దీనికి 425 గుర్రాల బలం అన్నాను. "ఒక్క గుర్రవూ అవుపడదేటి?" అన్నాడు.

ఎండ కాస్తే ప్రైమర్ అనే అడుగు పూత, ఆ తర్వాత ప్లమ్ క్రేజీ. 1970లో డాడ్జ్ వాళ్లు వేసిన ఊదా రంగు అది, మనకైతే అల్లనేరేడు పండే. నంబర్ ప్లేటు మాత్రం నా సొంతం. ఓడీ 20, మా గజపతి జిల్లాది. పాతపట్నం బావమరిది వాళ్ల శ్రీకాకుళం జిల్లా పాత నంబరు ఏపీ 30 పెట్టమంటున్నాడు. డబ్బులు పెట్టింది నేను.

రాత్రి అంట్లు తోముతూ మా ఆవిడ గిన్నె వాసన చూసింది. "ఏమండీ, ఇది పాల గిన్నె." నేను మాట్లాడలేదు. ఇప్పుడు అది నా బల్ల మీద ఉంది, లోపల మిగిలిన రాగి తీగ, విరిగిన రెండు బిట్లు.