మా పద్మిని ఒంటి మీద పదకొండు చిల్లులు

నాన్న వాడిన 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు, అదే అందరూ ఫియట్ అని పిలిచేది, నా చేతికొచ్చి మూడేళ్లయింది. ఇంజన్ గోల తర్వాత చెప్తాను గానీ, ఒకరోజు బండి చుట్టూ తిరిగి లెక్కపెడితే అక్కర్లేని చిల్లులు పదకొండు తేలాయి. తుప్పు తిన్నవి కాదు, శుభ్రంగా ఉన్న రేకుకు డ్రిల్లు పెట్టి మేమే వేయించుకున్నవి. రేడియో ఏరియల్‌కి ఒకటి, ముందు మడ్‌గార్డుల మీద అద్దాలకి రెండేసి చొప్పున నాలుగు, డిక్కీ మీద ఏదో బోర్డు బిగించడానికి నాలుగు, ముందు బంపర్ కింది రేకుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టే తీగ కోసం రెండు. నిజం, దిష్టి నిమ్మకాయల కోసం ఫియట్ కారుకి చిల్లులు వేయించిన కుటుంబం మాది.

వాటిని పూడ్చమని మొదటిసారి ఒక షెడ్డులో ఇచ్చాను. రెండు రోజుల్లో అన్నీ మాయం, చెయ్యి పెట్టి తడిమితే అద్దంలా ఉంది, నేనూ మురిసిపోయాను. ఒక వానాకాలం గడిచేసరికి మడ్‌గార్డు మీద రూపాయి బిళ్లంత బుడగలు లేచాయి, సరిగ్గా పాత చిల్లులు ఉన్నచోటే. మేకుతో పొడిస్తే పుట్టీ పెచ్చుగా ఊడొచ్చింది, దాని వెనక తడిసిన న్యూస్‌పేపర్ ఉండ! చిల్లులో కాగితం కుక్కి, పైన పుట్టీ మెత్తి, రంగు కొట్టేశారన్నమాట.

ఇది ఎందుకు నిలవదో అప్పటిదాకా నాకూ తెలియదు. మనం కార్లకి వాడే పాలిస్టర్ పుట్టీ నీళ్లు పీలుస్తుంది. పై నుంచి రంగు కాపాడుతుంది కానీ వెనక వైపు ఖాళీయే కదా, టైరు చిమ్మే బురద నీళ్లన్నీ అటునుంచి పుట్టీకి అందుతాయి, అక్కణ్ణుంచి చిల్లు అంచున ఉన్న పచ్చి ఇనుముకి. కాబట్టి చిల్లుని ఇనుముతోనే మూయాలి, పుట్టీ అనేది ఆ తర్వాత గరుకు సర్దడానికి పల్చగా రాసేదే తప్ప రంధ్రం నింపేది కాదు.

రెండోసారి నేనే చేద్దామని ఒక చిన్న మిగ్ వెల్డింగ్ మెషిన్ అద్దెకి తెచ్చుకున్నాను. ట్రిగ్గర్ నొక్కితే సన్నటి వైరు దానంతటదే బయటికొచ్చి కరెంటుకి కరిగి అతుక్కుంటుంది, గాలి తగలకుండా చుట్టూ గ్యాస్ వస్తుంది. మనవైపు పాత మేస్త్రీలు గ్యాస్ వెల్డింగ్‌తో ఇత్తడి కరిగించి పోస్తారు, గట్టిగానే పట్టుకుంటుంది, కానీ ఆ మంటకి చుట్టూ జానెడు రేకు వేడెక్కి వంకర పోతుంది. పద్మిని డిక్కీ లాంటి వెడల్పాటి రేకు ఒకసారి అలా సాగిందంటే నొక్కినప్పుడల్లా డబ్ డబ్ అని మోగుతూనే ఉంటుంది. మిగ్‌లో వేడి ఒక్కచోటే పడుతుంది. సన్న రేకుకి 0.8 వైరు కంటే 0.6 మిల్లీమీటర్ల వైరు నయం, ఒట్టి కార్బన్ డయాక్సైడ్ కంటే ఆర్గాన్ కలిపిన గ్యాస్ నయం, దొరక్కపోతే వెతికి తెచ్చుకోండి.

అసలు కిటుకు రాగి. ఏసీ మెకానిక్ దగ్గర పాత రాగి పైపు ముక్క అడిగి తెచ్చి, సుత్తితో చదును చేసి, చిల్లు వెనక గట్టిగా ఆనించి పట్టుకోవాలి. కరిగిన ఇనుము రాగికి అంటుకోదు, పైగా రాగి వేడి లాగేసుకుంటుంది కాబట్టి రేకు కాలిపోదు. దానికి ముందు చిల్లు చుట్టూ రెండు వేళ్ల వెడల్పున రంగు, తుప్పు మొత్తం గీకెయ్యాలి, వెనక వైపు కూడా. అంచుని సుత్తితో ఇసుమంత లోపలికి తడితే ఇంకా మంచిది, వెల్డు గుంటలో కూర్చుంటుంది, తర్వాత గ్రైండర్‌తో రేకుని అరగదీయాల్సిన పని ఉండదు.

మూడు నాలుగు మిల్లీమీటర్ల చిల్లుకి ఒకటి రెండు చుక్కలు చాలు. ట్రిగ్గర్ ఒక్క సెకను నొక్కి వదిలెయ్యాలి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఇంకో చుక్క. ఈ ఆగడమే నాకు చేతకాలేదు. డిక్కీ మీద మొదటి చిల్లుకి తొందరపడి అలాగే నొక్కి పట్టాను, నాలుగు మిల్లీమీటర్లది కాస్తా రూపాయి బిళ్ల పట్టేంత అయి కూర్చుంది. పక్కింటి కుర్రాడు చూసి "అన్నా, పూడుస్తున్నారా, తవ్వుతున్నారా?" అన్నాడు. దాన్నీ, ఏరియల్ చిల్లునీ చుక్కలతో నింపడం కుదరదు, అదే మందం రేకులోంచి గుండ్రటి బిళ్ల కత్తిరించి, అయస్కాంతంతో నిలబెట్టి, ఎదురెదురుగా నాలుగు చోట్ల టాకా వేసి, ఆ తర్వాత మధ్య ఖాళీలు నింపుకుంటూ రావాలి. బిళ్లకి బదులు వాషర్ వాడదామనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, బజార్లో దొరికే వాషర్లకి ఎక్కువగా జింకు పూత ఉంటుంది, వెల్డు చేస్తే వచ్చే పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం రావచ్చు.

బ్యాటరీ వైర్లు ముందే తీసెయ్యండి, బండి వెనక భాగంలో పని అయితే పెట్రోల్ ట్యాంకు కూడా. పక్కన నీళ్ల బకెట్టు, తడి గోనె సంచి నేనూ పెట్టుకున్నాను, ఒకసారి అవసరం పడింది కూడా, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

గ్రైండింగ్ కూడా ఆగి ఆగి చెయ్యాలి, అదీ వేడి పుట్టించేదే. తర్వాత ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పల్చగా పుట్టీ, వాటర్ పేపర్, మళ్లీ ప్రైమర్, రంగు. మామూలు బూడిద రంగు ప్రైమర్ కొట్టి వారాల తరబడి వదిలేస్తే అదీ తేమ పీలుస్తుంది. ఇక అందరూ మర్చిపోయేది వెనక వైపు. వెల్డు వేడికి అక్కడ రంగు మాడి ఇనుము బయటపడి ఉంటుంది, అక్కడ ప్రైమర్, పైన అండర్‌కోటింగ్ వెయ్యకపోతే ఇంత కష్టమూ రెండు వానలకి సమర్పయామి.

పదకొండూ పూడ్చేసరికి ఆరు ఆదివారాలు పట్టింది. అమ్మ వచ్చి చూసి, మరి నిమ్మకాయలు ఎక్కడ కడతావురా అంది. ఇప్పుడవి నంబర్ ప్లేటు బోల్టుకి వేలాడుతున్నాయి.

కనపడ్డ చిల్లునల్లా మూసెయ్యకూడదని మాత్రం ఆలస్యంగా తెలిసింది. డోరు కింది అంచున ఉండే సన్నని రంధ్రాలు కంపెనీ పెట్టినవి, అద్దం పక్కనుంచి దిగిన వాన నీళ్లు పోవడానికి. ఆ షెడ్డువాళ్లు ఉత్సాహంలో ఎడమ డోరుకి వాటినీ పుట్టీతో మెత్తేశారు. మొన్న డోరు తీస్తుంటే లోపల గలగలమంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సగం మగ్గు టీ రంగు నీళ్లు దిగాయి. ఆ కింది అంచు ఇప్పుడు గోరుతో నొక్కితే లోపలికి పోతోంది, అది చుక్కలు పెట్టి మూసే పని కాదు, రేకు కోసి కొత్తది వెయ్యాలి. డోరు విప్పి వరండాలో పెట్టాను, వచ్చే ఆదివారం కోత మొదలు.